వీరమ్మ కొడుకు పటం

"అవ్వా, ఈ ఫోటో రంగుల్లో బాగుండాదా, ఇట్ల బ్లాక్ అండ్ వైట్ చేస్తే బాగుండాదా? రొండూ చూసి చెప్పు."

ఏదీ, రవ్వంత దూరంగా పట్టు అమ్మీ, దగ్గర పెడితే నాకు అలుక్కుపోయినట్టుంటాది. ఊఁ. బాగుండాది. తలకాయ మీద అంత జాగా ఎందుకిడిసినావు? మీ తాత చూసింటే ఊరుకోడు. ఇప్పుడేంది, ఏలితో ఇట్లంటే రంగు పోయ, అట్లంటే వచ్చె, అంతేనా? మాకు ఒక పటానికి రంగెయ్యాలంటే దినాలు దినాలు పట్టేది. ఏసిన రంగు తీసేదంటావా... తీసింది గూడా ఉండాది లే. ఒక్కసారే. ఆ ఫోను పక్కన పెట్టి కూచో, చెప్తా. శానా దినాలాయ ఆ మాట ఎత్తి.

మా నాయనది ప్రొద్దుటూరులో నూలుకు రంగద్దే పని, నీకు తెలుసు గదా. మగ్గాలోళ్లు నూలు తెచ్చి ఇస్తే ఈయన అద్ది ఇస్తాండె. ఇంట్లో ఎప్పుడు చూసినా పొయ్యి మీద కాగులు, ఆవిరి, మా చేతులు మోచేతుల దాకా నీలమో ఎరుపో. పెండ్లిచూపులకొచ్చినప్పుడు గూడా నా గోర్లల్లో నీలం పోల్యా. మా అమ్మ చింతపండేసి తోమె, అయినా పోల్యా. ఆ గోర్లు చూసే మీ తాత ఒప్పుకున్న్యాడంట, ఈ పిల్లకు రంగుల సంగతి తెలిసింటాదని. నిజమో అబద్ధమో, ఆయప్ప మాటల్లో సగం తమాషాకే గదా.

కర్నూలు రాజధానిగా ఉండె చూడు, ఆ దినాల్లో ఆయప్ప ప్రొద్దుటూరులోనే ఫోటో షాపు పెట్టె. తర్వాత రాజధాని హైదరాబాదుకు పాయ, అణాలు పోయి నయాపైసలొచ్చె, ఆ కాలమంతా మాకు బాగనే జరిగె. జమ్మలమడుగు నుంచి, ఎర్రగుంట్ల నుంచి, పులివెందల తట్టు పల్లెల నుంచి గూడా బస్సెక్కి వస్తాండ్రి. ఫోటో అంటే అప్పుడు పెండ్లికి పోయినట్టే. తలంటి పోసుకోని, పెట్టెలో ఉండే ఒక్క మంచి చీర కట్టుకోని వచ్చి కూచుంటాండ్రి. కూచుంటే ఊపిరి గూడా పీల్చరు, కొయ్యబొమ్మలే. చెన్నూరు నుంచి ఒగాయప్ప వచ్చి, నాకు మీసం సరిగ్గా రాదు, ఫోటోలో అన్నా పెట్టు అని అడిగి, రాపిచ్చుకోని పాయ. ఆ మీసం చూసి వాళ్ల ఇంటామె వారం దినాలు నవ్విందంట.

ఇంతకూ నేను చెప్పొచ్చేదేందంటే, మీ తాతకు ఆ పని మీద శానా పిచ్చి. పైకప్పులో గాజుపలకలు పెట్టిచ్చె, వెలుతురు మెత్తగా దిగేదానికి. నేను తెల్లపంచె పట్టుకోని ఒక పక్క నిలబడాల, నీడ పడిన బుగ్గ మీదికి రవ్వంత వెలుగు మళ్లేదానికి. మొగం ఎదురుగా పెడితే రొట్టె మాదిరుంటాది, ఒక పక్కకు తిప్పితే ముక్కు లేస్తాది, కండ్లు లోతు కనపడతాయి, ఇట్ల చెప్తానే ఉండేటోడు. ఇంక రంగులు నా పని. అప్పుడు ఫోటో పడేది నలుపూ తెలుపే గదా, రంగు కావాలంటే మేమే పుయ్యాల. సన్నపుల్లకు దూది సుట్టి, పల్చగా, కింద ఉండే నీడ కనపడేటట్టు. ఎక్కువైతే మనిషి పోయి నాటకంలో ఏషమైపోతాది. మా నాయన నూలును ఎండలో పట్టుకోని చూస్తాండె చూడు, నేనట్ల ఆ ఫోటోను వాకిట్లోకి తెచ్చి వెలుతుర్లో చూసుకోని మళ్లా పోయి కూచుంటాంటి.

అట్లాంటి దినాల్లో వీరమ్మ వచ్చె.

వేంపల్లె దాటినాక పులివెందల తట్టు ఒక పల్లె ఆయమ్మది. పేరు నోటి మీదనే ఉండాది, రాల్యా. పోనీ. మొగుడు ఎప్పుడో పోయినాడు. కొద్దిగా చేను, ఒక బాయి, ఒక్కడే కొడుకు, గంగన్న. ఆ పిల్లోనికి పెండ్లి గూడా కాలేదు. వానలు లేక బాయి ఎండిపోతే, ఇంకా లోతు చేద్దామని ఆ పిల్లోడూ ఇంకొందరూ దిగిరి. పక్కగట్టు ఇరిగి వీని మీదనే పడె. మిగతావాళ్లు బతికిరి. రాళ్లన్నీ తీసి వాన్ని పైకి తెచ్చేటప్పటికి... మొగం లేదంట అమ్మీ. గుడ్డ కప్పేసిరి. తల్లి ఎంత మొత్తుకున్న్యా ఆ గుడ్డ ఎత్తనీయల్యా. ఆయమ్మ తమ్ముడు ఓబుళరెడ్డి, ఆయప్పే అడ్డం నిలబడినాడంట. చూడొద్దక్కా, చూస్తే నీకు అదే నిలిచిపోతాది అని. అట్లనే తీసకపోయి పూడ్చిరి.

ఆ ఓబుళరెడ్డే ఆయమ్మను మా షాపుకు పిల్చుకోనొచ్చె. కొడుకు ఫోటో ఒక్కటి గూడా లేదు. ఎవురు తీపిచ్చుకుంటారు అప్పుడు, సేద్యగాళ్లు? అయితే ఎప్పుడో జమ్మలమడుగులో చుట్టాల పెండ్లిలో అందర్నీ నిలబెట్టి ఫోటో తీసినారని ఆయమ్మకు గుర్తొచ్చి, ఆడికి పోయి, వాళ్ల కాళ్లా ఏళ్లా పడి ఆ ఫోటో అడుక్కోనొచ్చింది. కడాపటి వరసలో ఉండాడు పిల్లోడు. మొగం చింతగింజంత. అదీ సగమే. ముందర నిలబడినాయప్ప తలకు పెద్ద రుమాలు సుట్టింటే, ఆ రుమాలెనక సగం మొగం దాగిపోయింది.

మీ తాత భూతద్దం పెట్టి శానాసేపు చూసి, పెద్దది చేసిస్తానమ్మా, అయితే ఈ పక్క లేదు గదా అనె.

ఆయమ్మకు ఆ మాట ఎక్కల్యా. లేని పక్క నువ్వే పెట్టప్పా, ఎంతమందిని తీసింటావు, మొగం ఎట్లుంటాదో నీకు తెల్దా అంటాది. నేను మీ పిల్లోన్ని చూడలేదు గదమ్మా అంటాడు ఈయన. ఆయమ్మ అట్లనే ఈయన్ను చూస్తా నిలబడె. ఈయన గూడా ఆయమ్మ మొగమే చూస్తాండాడు. నాకు అర్థం కాల్యా ముందర. మళ్లా ఆ భూతద్దం తీసి ఫోటో చూసె, మళ్లా ఆయమ్మను చూసె. అప్పుడు చెప్పె. గడ్డం నీదే, దౌడ నీదే, కన్ను గూడా నీదే మాదిరుండాది, కూచోమ్మా, నిన్ను తీసి ఆ సగానికి పెడతా అనె.

గాజుపలకల కింద కూచోబెట్టినాం. పెండ్లి ఫోటోలో పిల్లోని మీద ఎండ ఏ పక్కనుంచి పడిందో అదే పక్కనుంచి పడాల, తల అంతే వొంగాల. నేనే ఆయమ్మ తల మీది కొంగు తీసి, ఎంటికలు ఎనక్కు గట్టిగా లాగి కట్టినా. ముక్కుకు చెవులకు ఏమీ లేవు పాపం, తీసేపని లేదు. ఆయమ్మ జన్మలో అదే మొదుటి ఫోటో, అదీ తనకోసం గాదు. మీ తాత నల్లగుడ్డ కింద దూరి సరిచేసుకుంటా, వాడుక చొప్పున, తల పైన జాగా ఎక్కువిడిస్తే మనిషి బాయిలో ఉన్నట్టుంటాది అని అనేసె. అనినాక గుడ్డ కిందనుంచి బయటికి రాల్యా శానాసేపు. ఆయమ్మ కదల్లేదు. కదిలితే ఫోటో పోతాదని చెప్పింటిమి గదా, కండ్లలో నీళ్లు కారిపోతాన్న్యా అట్లనే కూచోనుండె.

తర్వాత పని... ఆ పని నువ్వు చూసింటే! రొండు సగాలు కోసి, అతికిచ్చి, అతుకు కనపడకుండా సన్నబ్రష్షుతో దిద్ది, దాన్ని మళ్లా ఫోటో తీసి. ఎనకుండే జనాన్ని, రుమాలు మనిషిని అంతా తీసేసి ఒట్టి బూడిదరంగు గోడ పెట్టె. పటంలో ఆ పిల్లోడొక్కడే ఉన్న్యాడు. ఇంక నువ్వు రంగు ఏసుకో అని నా చేతిలో పెట్టె.

నేను ఆయమ్మను అడిగినా, పెద్దమ్మా, పిల్లోడు ఏం రంగు అని. నా రంగే అనె. చొక్కా ఏం రంగు అంటే నిలిచిపోయె. ఓబుళరెడ్డి తెలుపు అంటాడు. ఆయమ్మ, కాదు, పచ్చది, ఉండు, కాదు, ఆ పెండ్లికి ఏంది ఏసుకోనె అని ఏళ్లు మడుచుకుంటాది, ఇప్పుకుంటాది. కొడుకు చొక్కా రంగు తెలీదా నీకని ఎవురో తిట్టినట్టు మొగం చిన్నగైపాయ. కడాకు, నీలం పెట్టు అమ్మీ, వానికి నీలం గుడ్డ తియ్యాలని నాకుండె అనె.

నీలమే పెట్టినా. మా నాయన కాగులో తేలే మొదుటి నీలం ఉంటాది చూడు, తేట నీలం, అది. చర్మానికి పసుపూ గోధుమా కలిపి పొర మీద పొర. పెదాలకు కడాన ఏసినా, ఏసినాక అనిపిచ్చింది, నోరు తెరుస్తాడేమోనని. మీ తాత వచ్చి ఎనక నిలబడి చూసి, దీన్ని మించింది మన చేతుల్లో రాదు అనె. ఆయప్ప నన్ను మెచ్చుకునేది అరుదు. నాకు ఆ పొద్దు బువ్వ గూడా ఎక్కల్యా, అంత సంతోషం.

ఆయమ్మ వచ్చి పటం చేతిలోకి తీసుకోనె. అద్దం మీద చెంప కాడ తడిమె. కొంగులో సుట్టుకోని, సంకలో పిల్లోన్నెత్తుకున్నట్టు ఎత్తుకోని బస్సుకు పాయ. మేము అనుకుంటిమి, పోన్లే, తల్లికి ఇంతన్నా చేస్తిమి గదా అని.

ఎండాకాలం వచ్చె. ఒక పొద్దు చూస్తే వాకిట్లో ఆయమ్మే, ఒక్కతే, పటం గుడ్డలో సుట్టుకోని. సగం మనిషైపోయింది. నేను నీళ్లిస్తే తాగల్యా. పటం నా ముందర పెట్టి, రంగు తీసెయ్ అమ్మీ అనె.

ఏం, బాగల్యానా పెద్దమ్మా అంటి.

"బాగుండాది. అదే నా పాణం తీస్తాండేది. సంగటి కెలికితే ఆకలిగా చూస్తాడు. రొండు ముద్దలు చేసి ఒకటి వానికి పెడతాండా, తర్వాత కుక్కకేస్తాండా. వాడొస్తాడని వాకిలికి గొళ్లెం పెట్టక ఎన్ని దినాలాయనో. బతికినోని మాదిరి చేసిస్తివే తల్లీ, వాడు సచ్చిపోయినాడని నాకు ఇంకెవురు చెప్పాల?"

మీ తాతను చూస్తి. ఆయప్ప తల ఊపె.

అద్దం ఊడదీసి, టర్పెంటైనులో దూది ముంచి తుడిచినా అమ్మీ. నేను ఏసిన పెదాలు నేనే తుడిస్తి. బుగ్గలెరుపు పాయ, చర్మం పాయ, ఆ నీలం చొక్కా పాయ. ఆయమ్మ ఎదురుగా కూచోని రెప్పేయకుండా చూస్తాండె, పూడ్చేటప్పుడు చూడనియ్యనిది ఇప్పుడు చూస్తాండాదా అన్నట్టు. దూది ఉండలు నేను పక్కన పారేస్తాంటే, వద్దు అని అవన్నీ ఏరుకోని కొంగులో మూట కట్టుకోనె. నీలం, ఎరుపు, గోధుమ. ఆ వాసన ఎట్ల భరించిందో.

ఎంత తుడిచినా కాగితం మీద మరక ఉండిపాయ. మీ తాత, ఇదొద్దులే అని, లోపలికి పోయి ఒట్టి నలుపూ తెలుపులో ఇంకోటి వేసె. నీడలు రవ్వంత నల్లగ చేసె, కండ్లలో మెరుపు తగ్గిచ్చె. ఆయమ్మ చూసి, ఊఁ, ఇప్పుడు పోయినోని మాదిరుండాడు అని తీసుకోనె. పాయ.

అంతటితో అయిపోయింటే బాగుండు. అప్పుడు నేను ఈ సంగతి నీకు చెప్పేదాన్నా?

మళ్లా పంటలు కోసి, మళ్లా ఇత్తనమేసే కాలానికనుకుంటా, అన్నదమ్ముల... కాదు, అక్కాతమ్ముడు ఇద్దరూ ఆ పటం తీసుకోని వచ్చిరి. ఓబుళరెడ్డే ముందర మాట్లాడె. అక్క ఎవురితోనూ మాట్లాడ్డంల్యాప్పా, పగలంతా కండ్లు మూసుకోని కూచుంటాది, ఏందని అడిగితే ఎతుకుతాండా అంటాది, మీ కాడికి తీసకపొమ్మంటే తెచ్చినా అనె. మధ్యాన్నం పూట, షాపులో ఎవురూ లేరు. ఆయమ్మ మీ తాతకు ఎదురుగా కూచుని, మెల్లగా, కోపం లేకుండా చెప్పె. ఆ కోపం లేకపోవడమే నాకు భయమేసె.

"మీరేమీ తప్పు చేయల్యా నాయనా, నేనడిగిందే చేస్తిరి. అయితే నా కొడుకు మొగం నాకు గుర్తుకు రాకుండా పాయ. పటం లేనప్పుడు వస్తాండె. చేన్లో వస్తాండె, నిద్దర్లో వస్తాండె, చిన్నప్పటిది గూడా వస్తాండె. ఇప్పుడు ఎప్పుడు కండ్లు మూసినా ఈ మొగమే. ఈ పక్క వాడు, ఈ పక్క నేను. నా కొడుకును చూసుకుందామంటే నన్ను నేనే చూసుకుంటాండా."

మీ తాత చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు గదా, ఆ పొద్దు ఒళ్లో పెట్టుకోని ఊరక కూచునె. ఓబుళరెడ్డి లేసి పదక్కా, పోదాం అంటాడు. ఈయన అప్పుడు, ఉండప్పా, ఒకటి చేసి చూస్తా అని లోపలికి పాయ.

చీకటి గదిలో ఏం చేస్తాండాడో అని నేనూ పోతి. అతికిచ్చకముందు, మొదుట ఆ పెండ్లి ఫోటోను పెద్దది చేసిన గాజు నెగటివు ఉంటాది చూడు, రుమాలుతో ఉండేది, అది తీసినాడు. దాన్నుంచి బొమ్మ కాగితం మీదికి ఎక్కిచ్చినాక, కనపడే మొగం మేరకు నల్లకాగితం కత్తిరిచ్చి అడ్డం పెట్టి, రుమాలు తట్టూ మిగతాదంతా ఊరక వెలుతురుకు పెట్టినాడు. దిద్దల్యా, గీకల్యా, మెరుపు పెంచల్యా, తగ్గియ్యల్యా. కాగితం మందునీళ్లలో ఏస్తే మెల్లగా తేలె. ఒక కన్ను. సగం ముక్కు. ఒక చెవి. సగం నోరు, అదీ నవ్వుతాండాదో, ఎండకు మొగం చిట్లిచ్చినాడో తెలీదు. అంతా పెద్దది చేసేటప్పటికి గింజలు గింజలుగా, దుమ్ము మాదిరుండాది. మిగిలిందంతా ఒట్టి నలుపు.

ఇట్లాంటిది ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా అంటి నేను. కెమెరా చూసింది ఇంతే లచ్చుమమ్మా అనె. నా పేరు పెట్టి పిలిచేది శానా తక్కువ ఆయప్ప.

తడి ఆరకముందే తీసకపోయి ఆయమ్మ చేతిలో పెట్టె. ఓబుళరెడ్డి చూసి మొగం తిప్పుకోనె, ఏందప్పా ఇది, సగం మనిషిని ఇస్తావా అనె. ఆయమ్మ మాత్రం దగ్గరికి పట్టుకోని చూసె. దూరంగా పెట్టి చూసె. ఆ నలుపు మీద అరచెయ్యి పెట్టి శానాసేపు అట్లనే ఉంచె.

"ఇంతే. నాకు మిగిలింది ఇంతే ఉండాడు."

అంతే అనె. ఏడ్చల్యా. నిండు మొగం పటం బల్ల మీదనే ఇడిసి, సగంది తీసుకోని పాయ.

ఆ ఇడిసిపోయిన పటాన్ని ఏం చేయాల చెప్పు? పారేసేదానికి చేయి రాల్యా. అది ఎవురిదని పారేస్తాము, బతికుండే తల్లిది సగం, పోయిన కొడుకుది సగం. గోడకు తగిలిచ్చేదానికీ లేదు. పెట్టెలో బోర్లా పెట్టింటిమి. షాపు మూసినప్పుడు యాడపోయనో నాకు తెలీదు. వీరమ్మ గూడా ఎన్నాళ్లో బతకలేదంట. ఓబుళరెడ్డి ఒకసారి సంతకొచ్చినప్పుడు చెప్పె, పోయేదాకా ఆ కాగితం గోడకు తగిలియ్యల్యా, చట్రం కట్టియ్యల్యా, గింజల కడవ మీద పెట్టుకోనుండె అని. మనసు కుదుటపడిందా అని అడిగినా. ఆయప్ప నేలకేసి చూసె. లేదక్కా, ఎతకడం మాత్రం మానేసె అనె.

మీ తాత ఆ తర్వాత ఎవురికీ లేని మొగం పెట్టియ్యల్యా. ఎంతమంది వచ్చి అడిగినా మా కాడ కాదు పొమ్మనె. గిరాకీ తగ్గె. నేను రంగులేస్తానే ఉంటి కొన్నాళ్లు, పెండ్లిండ్ల ఫోటోలకు. పెదాలకు రంగెయ్యాలంటే చెయ్యి నిలిచిపోతాండె. తర్వాత రంగుల కెమెరాలే వచ్చె, మేము కావాల్సిన పనే ల్యాకపాయ. మంచిదే లే అనుకుంటి.

ఇప్పుడు నీకొకటి చెప్తా, మీ నాయనతో అనొద్దు. మీ తాత పోయి ఇన్నేండ్లాయ. ఆయప్ప ఫోటో ఉండాది గదా, దేవునింట్లో, నల్లకోటుది, మంచి వెలుతుర్లో తీసింది. నేను కండ్లు మూస్తే ఆ కోటే, ఆ తల తిప్పిన తీరే వస్తాది. సంగటి తినేటప్పుడు ఆయప్ప మొగం ఎట్లుంటాండె, నామీద కోపమొస్తే ఎట్లుంటాండె... ఎతుకుతా. ఉండాల యాడో. ఇంత కాలం ఒకే ఇంట్లో ఉంటిమి గదా. దొరకదు అమ్మీ. ఆ కోటు మనిషి అడ్డమొచ్చి నిలబడతాడు.

వీరమ్మ చెప్పినప్పుడు నాకు అర్థమైందనుకుంటి. ఏం అర్థమాయ అప్పుడు, చిన్నదాన్ని.

నీ ఫోటోనా? రంగుల్లోనే ఉండనీలే, ఎట్లైనా బాగుంటాది. నన్నెందుకడుగుతావు. లెయ్, పొద్దు వాలిపాయ, మీ అమ్మ చూస్తాంటాది. నూరేండ్లు చల్లగుండు తల్లీ. నీవాళ్లంతా నీ కండ్ల ముందరే తిరుగుతాండాల, నీతో కొట్లాడతా, నీ చేతి బువ్వ తింటా... గోడల మీద గాదు. ఊఁ. పో, పొయ్‌రా.